పక్కనుంచి అందించిన ఇంగ్లిష్

ఫిల్మ్‌నగర్‌లో ఇంగ్లిష్ చెప్పడానికి రమ్మని కబురొచ్చినప్పుడు ఏ హీరోయిన్‌కో అనుకున్నాను. ఏళ్ల తరబడి జూనియర్ కాలేజీ పిల్లల దగ్గర గొంతు చించుకుని రిటైరైనదాన్ని. వెంగళరావు నగర్‌లో ఇంట్లో కూర్చుని సీరియళ్లను తిట్టుకోవడం కంటే నయమని వెళ్లాను. తీరా చూస్తే శిష్యుడు విలన్. పెద్ద విలన్ కూడా కాదు. పెద్ద విలన్ పక్కన నిలబడి "అన్నా, వాడొచ్చాడన్నా" అని చెప్పి, ఆ తర్వాత తన్నులు తినే మనిషి. గోదావరి వైపు నుంచి వచ్చాడు. మీసం మాత్రం పెద్ద విలన్‌దే.

అతనికి ఆరేళ్ల కూతురుంది. జూబ్లీహిల్స్‌లో ఒక బడిలో ఆ పిల్లకు సీటు కావాలి. ఆ బడివాళ్లు పిల్లను పలకరించరు, తల్లిదండ్రులను ఇంగ్లిష్‌లో ఇంటర్వ్యూ చేస్తారు. పెళ్లిచూపులకొచ్చి పిల్లను వదిలేసి, వియ్యంకుణ్ణి నడవమన్నట్టుంది వరస.

"నా బతుకు ఎలాగోలా గడిచిపోయిందండీ. నా కూతురు మాత్రం నాలా నోరు పెగలక నిలబడిపోకూడదు మేడమ్" అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను ఒప్పుకున్నాను.

మొదటి రోజు ఒక తేలికైన క్రియాపదం తీసుకుందామన్నాను. ఏది కావాలంటే "వెయిట్" కావాలన్నాడు. "మా వృత్తే అదండీ. పొద్దున్నే మేకప్ వేస్తారు, సాయంత్రం షాట్ తీస్తారు."

"ఐ వెయిట్" అన్నాను.

"ఐ... వెయిట్!" అని గర్జించాడు. కిటికీ మీద పావురం లేచిపోయింది.

నేను ఆగాను. అతనూ ఆగి నా నోటి వంక చూస్తున్నాడు. "ఆపేశారేంటండీ? అందించండి."

అప్పుడు తెలిసింది, వీళ్ల పద్ధతి అదట. కెమెరా పక్కన ఒక మనిషి మెల్లగా డైలాగ్ అందిస్తుంటే, నటుడు దాన్ని గట్టిగా అంటాడు. దానికి ప్రాంప్టింగ్ అని పేరు.

"అయితే మీకు మాటలు యాదికుండవా సార్?"

"ఎందుకుంటాయండీ? చెవిలో పడింది నోట్లోంచి వచ్చెయ్యాలి. మధ్యలో బుర్రకి పనిపెడితే ఎక్స్‌ప్రెషన్ పోద్ది."

ఎక్స్‌ప్రెషన్‌కు మాత్రం లోటు లేదు. "ఐ వెయిటెడ్" అనగానే కళ్లు చెమర్చేవి. భూతకాలం అంటే ఫ్లాష్‌బ్యాకే కదా అనేవాడు. "ఐ విల్ వెయిట్" దగ్గర ఫ్యాన్ వైపు చూసి చెయ్యెత్తేవాడు. "ఐ హావ్ బీన్ వెయిటింగ్" విన్న రోజున సోఫాలోంచి లేచి, "ఇది ఇంటర్వెల్ డైలాగండీ!" అన్నాడు.

"ఏంది సార్ గిది? క్లాసా, షూటింగా? జర మెల్లగ చెప్పుండ్రి" అన్నాను.

"మీ యాస భలే ఉంది మేడమ్. ఈమధ్య బాగా నడుస్తోంది. వదిన వేషాలకి ట్రై చెయ్యకూడదూ?"

నా ఒళ్లు మండిపోయింది. మా అమ్మ మాట్లాడిన భాష ఈమధ్య నడుస్తోందట!

నెల గడిచింది. అందిస్తే అన్ని కాలాలూ అదరగొడతాడు, అందించకపోతే వర్తమానం కూడా రాదు. ఇంటర్వ్యూ రోజు అతని భార్యకు సరిగ్గా వేళకు జ్వరం వచ్చింది. పిల్లకు పెద్దమ్మనని చెప్పి నేను అతని పక్క కుర్చీలో కూర్చున్నాను. పాపం పిల్ల మా వెనక కూర్చుంది.

ప్రిన్సిపాల్ అడగడం, నేను పెదవి కదపకుండా జవాబు అందించడం, అతను దానికి ప్రాణం పోయడం. విలువల గురించి అతను చెబుతుంటే ప్రిన్సిపాల్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. దాంతో మనవాడికి ఊపొచ్చేసింది. గొంతు లేచింది, మనిషీ కుర్చీలోంచి సగం లేచాడు. తెలుగు వినబడితే పరువు పోతుందని ఇంగ్లిష్‌లోనే గొణిగాను, "డోంట్ షౌట్. సిట్ స్ట్రెయిట్" అని.

పక్కనుంచి ఏది వచ్చినా డైలాగే కదా! బల్ల మీద ఒక్క చరుపు చరిచి, ప్రిన్సిపాల్ కళ్లల్లోకి చూస్తూ, "డోంట్ షౌట్! సిట్ స్ట్రెయిట్!" అన్నాడు.

ఆవిడ ఠక్కున నిటారుగా కూర్చుంది.

కాసేపటికి తేరుకుని, అసలు మాటలు ఎవరివో కనిపెట్టినట్టు నా వైపు తిరిగింది. అప్పటిదాకా దొరసానిలా మాట్లాడినావిడ, "మీరు జర బయట కూసోండమ్మా" అంది. తర్వాత అతనితో, "సార్, తెలుగులనే చెప్పుండ్రి. ఈ బడే ఎందుకు?" అంది.

నేను తలుపు దగ్గరే తచ్చాడాను. అతను పక్క కుర్చీ వైపు చూశాడు. అందులో ఎవరూ లేరు.

"నాకు పక్కనుంచి ఎవరో చెప్తే తప్ప మాట రాదండీ. మా పాప ఎవరూ చెప్పకుండా మాట్లాడాలండీ. అంతే" అన్నాడు. ఆ మొహంలో ఏ ఎక్స్‌ప్రెషనూ లేదు.

సీటిచ్చారు. అతను ఆనందం పట్టలేక మా ఇంటికి పూతరేకులు పట్టుకొచ్చాడు.

బడి తెరిచిన కొత్తలో, పాఠం ఎలా చెబుతారో చూడ్డానికి రమ్మని పెద్దవాళ్లను పిలిచారు. నన్ను కూడా లాక్కెళ్లాడు. వరండాలో తరగతి గది కిటికీ అద్దం పక్కన నిలబడ్డాం. లోపల టీచరమ్మ "ఐ వెయిట్" అంది. పిల్లలందరూ "ఐ వెయిట్" అని అరిచారు.

"మన వెర్బేనండీ!" అని పొంగిపోయాడు.

"ఐ వెయిటెడ్" అంది. "ఐ వెయిటెడ్" అన్నారు. ఆవిడ ఆగింది. పిల్లలూ ఆగి ఆవిడ నోటి వంక చూస్తున్నారు. అతని మీసం కింద నవ్వు మెల్లగా పోయింది.

ఇంతలో వెనక బల్ల నుంచి అతని కూతురు లేచి నిలబడింది. "మిస్, ఎవరి కోసం వెయిట్ చేస్తున్నాం?" అని గట్టిగా, తెలుగులోనే అడిగింది.

"డోంట్ షౌట్. సిట్ స్ట్రెయిట్" అంది టీచరమ్మ.

పిల్ల కూర్చుంది. అద్దం ఇవతల అతనూ నిటారుగా అయ్యాడు, అలవాటు కొద్దీ.

"పోదాం పాండ్రి సార్" అన్నాను మెల్లగా. కదల్లేదు.

"అడిగింది చూశారా మేడమ్? ఎవరూ అందించలేదు, తనంతట తానే అడిగింది" అన్నాడు. నా వైపు తిరిగాడు. "ఇంతకీ ఎవరి కోసమండీ?"

ఇన్నేళ్లూ ఆ క్రియాపదాన్నే చెప్పాను, ఎవరి కోసమని ఏ పిల్లా నన్ను అడగలేదు. అతను నా నోటి వంక చూస్తూ నిలబడ్డాడు.