ఈపురుపాలెం పిన్నిగారి రెండో కాపీ

ఈ రోజు బాపట్లలో మా కంప్యూటర్ రిపేరు షాపుకి ఈపురుపాలెం నుంచి ఒక చేనేత పిన్నిగారు వచ్చారు. ఆవిడ చీరల డిజైన్లున్న హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమంటోంది. మధ్యాహ్నం దాకా కుస్తీపడి అన్నీ బయటికి తీశాను, ఒక్క నెమళ్ల అంచు తప్ప. పెళ్లివారు ఆర్డరిచ్చింది సరిగ్గా దానికేనట. అది రాలేదని చెబుతూ, అలవాటు కొద్దీ ఆవిడకే క్లాసు పీకాను.

"రెండో కాపీ దాచుకోవాలి కదండీ పిన్నిగారూ!"

"దాచుకోకేంటి బాబూ? కట్టుకునే వచ్చాను," అని పైట అంచు పట్టి చూపించారు. "పోగులు లెక్కపెట్టుకుని మళ్లీ గీసుకుంటాలే."

ఒక్క నెమలి కూడా చెక్కుచెదరలేదు!

ఇంటికొచ్చి చూసుకుంటే నా పెళ్లి ఫోటోలు ఒకే ఒక్క పాత డిస్కులో ఉన్నాయి. మీవెన్ని చోట్ల ఉన్నాయండీ? మా ఆవిడ ఈ పోస్టు చూసేలోపు చెప్పండి.