నింపిపెట్టిన నీళ్లు

కోసిగి దగ్గర ఆ ఊళ్లో కొళాయి నాలుగు రోజులకొకసారి వస్తుంది. వచ్చినా గంటే. ఆ గంటలో ఉరుకుందమ్మకు ఎదురు నిలవడం ఎవరి తరమూ కాదు. బిందెలు, డ్రమ్ములు, బకెట్లు, ఆఖరికి చెంబులు కూడా నిండాల్సిందే. "ఏమే, గలాసులు యాల ఇడిసినావు, అవీ నింపుకోరాదా!" అని పక్కింటి సుంకులమ్మ ఎగతాళి చేస్తే, "నోరు తెరువు, అదీ నింపుతా" అనేది. నవ్వకండి. నీళ్లున్న ఊళ్లో పుట్టినవాళ్లకు ఇది అర్థం కాదు. ఆమె పుట్టిందీ మెట్టిందీ ఎండిన ఊళ్లే. పత్తి ఏరి, ఉల్లిగడ్డలు కోసి, ఏటా సుగ్గి, అదే వలసల కాలం, వచ్చిందంటే మూటాముల్లె కట్టుకుని గుంటూరు మిరప చేలకు కూలికి పోయి, ఒక్కగానొక్క కూతురిని చదివించింది.

ఆ కూతురు శివలీల. అయిదో ఏట చేతికి చెంబిచ్చి తల్లి నేర్పిన పాఠం ఒకటే: ఖాళీ పాత్ర కంటబడితే నింపు. నిండిన ప్రతి పాత్ర మీదా మూత పెట్టి, మూత మీద రాయి పెట్టే పని మాత్రం ఉరుకుందమ్మదే. ఆ పని ఇంకొకరిని ముట్టనివ్వదు. ఎందుకని అడిగితే కసురుకుంటుంది.

ఎందుకో ఊరందరికీ తెలుసు. తెలియనిది శివలీల ఒక్కదానికే. పన్నెండేళ్ల కిందట ఆ పిల్లకు ఏడాది తమ్ముడు ఉండేవాడు, హనుమేష్. ఒకరోజు కొళాయి వచ్చిందన్న కేక విని ఉరుకుందమ్మ బిందెలు పట్టుకుని పరిగెత్తింది. ఇంట్లో గంగాళం నిండా నీళ్లున్నాయి, మూత లేదు. తిరిగొచ్చేసరికి పిల్లోడి కాళ్లు పైకి ఉన్నాయి. శివలీల ఆ వారం అవ్వ ఊళ్లో ఉంది. తమ్ముడు జరమొచ్చి పోయాడని చెప్పారు. వీధి వీధంతా ఆ మాటకు కట్టుబడింది. మా జనానికి నోరెక్కువ అంటారు గానీ, మూసుకోవాల్సిన చోట బాగానే మూసుకుంటారు.

ఆ పిల్ల ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా ఒక సంస్థవాళ్లు పరీక్ష పెట్టి, ఏడాదిపాటు జర్మనీలో చదువుకోమని ఎంచుకున్నారు. అక్కడ హాస్టలు ఉండదు, ఎవరో ఒకరింట్లో వాళ్ల బిడ్డలా ఉండాలి. శివలీలను ఉంచుకున్నావిడ పేరు బిర్గిట్. ఆమెకు మొగుడూ, పద్నాలుగు నెలల కొడుకు యోనాసూ ఉన్నారు.

"అమా, ఈడ కొళాయి తిప్పితే నీళ్లు నిలవనే నిలవవు. రాత్రీ పగలూ వస్తానే ఉంటాయి," అని శివలీల మొదటి వారమే ఫోనులో చెప్పింది.

"నమ్మద్దు పాపా. నింపి పెట్టుకో," అంది తల్లి. అన్నది ఆమేనండీ, ఇంకెవరో కాదు.

అక్టోబరులో ఒక సోమవారం ఇంగ్లీషు చెప్పే యేసుప్రసాద్ సారు బండి మీద వచ్చి ఇంటి ముందు ఆగాడు. శివలీలను ఆ పరీక్ష రాయించింది ఆయనే. ఈమధ్యే బదిలీ మీద వచ్చినవాడు, హనుమేష్ సంగతి తెలియదు. ఆయన మొహం చూడగానే ఉరుకుందమ్మ వాకిట్లోకి ఉరికింది.

"శివలీల స్నానాల గదిలో పెద్ద బకెట్టు నింపి పెట్టిందంటమ్మా. ఆ యింటి పసిబిడ్డ పోయి దాంట్లో తలకిందులుగా పడినాడంట," అన్నాడు.

"బతికినాడా సారూ?" అంది.

"బతికినాడు. ఒక దినం ఆస్పత్రిలో పెట్టుకుని పంపినారు. కానీ నీళ్లు నింపొద్దని ఆయమ్మ రెండు తూర్లు చెప్పిందంట. ఐనా ఈ పిల్ల మళ్లా నింపింది. అదే వాళ్ల కోపం. ఇప్పుడు పిల్లను సంస్థ మేడం ఇంట్లో పెట్టినారు. ఏమడిగినా సారీ అంటాదే గానీ నోరిప్పడం లేదు. రేపు మూడు గంటలకు మీతో మాట్లాడి, ఉంచేదా పంపేసేదా తేలుస్తారంట."

పంపేస్తే చదువు సగంలో ఆగడం ఒక్కటే కాదు, పసిబిడ్డ ప్రాణం మీదికి తెచ్చిన పిల్ల అన్న పేరు జన్మంతా వెంట వస్తుంది. ఉరుకుందమ్మ మొగుడు రంగన్న కాలుగాలిన పిల్లిలా వాకిట్లో తిరిగి తిరిగి, చివరికి ఒక మాట తేల్చాడు. "మా ఇండ్లల్లో అందరం ఇట్లనే నింపి పెడతాం, ఎప్పుడూ ఎవురికీ ఏం కాలేదు, పిల్లకు తెల్దు అని చెప్తే సరిపాయె." ఆ మాట అంటున్నప్పుడు పెళ్లాం మొహం వైపు చూడలేదు. సారు అదే బాగుందని కాగితం మీద రాసుకున్నాడు. ఉరుకుందమ్మ ఆ పూట ముద్ద ముట్టలేదు.

మర్నాడు మూడింటికి కాలేజీ కంప్యూటరు ముందు ముగ్గురూ కూర్చున్నారు. తెర మీద ఒక గడిలో సంస్థ మేడం, ఆమె పక్కన శివలీల తల వంచుకుని. ఇంకో గడిలో బిర్గిట్. ఆమె ఇంగ్లీషులో ఏదో అంది. సారు తెలుగు చేసి చెప్పాడు.

"పిల్ల మీద కోపం లేదంట, భయమంట. కండ్లు మూస్తే కొడుకు కాళ్లే అగుపడతాండాయంట. మీ ఇండ్లల్లో పసిపిల్లోళ్లుంటే నీళ్లు ఇట్ల తెరిచి పెడతారా, ప్రమాదమని బిడ్డకు ఎప్పుడూ చెప్పలేదా అని అడుగుతాండాది." ఆ తర్వాత గొంతు తగ్గించి, "చెప్పమ్మా, అనుకున్నట్లే," అన్నాడు.

"మా ఇండ్లల్లో అందరం..." అని మొదలుపెట్టింది ఉరుకుందమ్మ. మాట ముందుకు పోలేదు. ఆ కాళ్లు ఆమెకు తెలుసు. పన్నెండేళ్లుగా తెలుసు.

"అది అబద్దం సారూ," అంది. రంగన్న ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. విదిలించుకుంది. "నా కొడుకు హనుమేష్ గంగాళంలో పడి సచ్చిపోయినాడు. మూత పెట్టకుండా నీళ్లకు ఉరికింది నేను. ఈ పిల్లకు నింపేది నేర్పినా గానీ మూత యాల పెట్టాల్నో నేర్పలేదు. నేర్పితే తమ్ముని సంగతి చెప్పాల్సొస్తాదని. తప్పు నాది. దాన్ని ఏమనొద్దని ఆయమ్మకు చెప్పు."

సారు నోరు తెరిచాడు గానీ ఇంగ్లీషు రాలేదు. తెర మీద శివలీల తలెత్తింది.

"తమ్మునికి జరం కదమా?"

"కాదు పాపా."

పాపం ఆ పిల్ల! కళ్ల నీళ్లు తుడుచుకోకుండానే, రెండు రోజులుగా మూసుకున్న నోరు తెరిచి, తల్లి చెప్పిందంతా జర్మన్‌లో తడుముకుంటూ తడుముకుంటూ బిర్గిట్‌కు చెప్పింది. బిర్గిట్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నది. తర్వాత చిన్నగా ఏదో అడిగింది.

"నువ్వు ఎంతసేపు బయట ఉంటివి అంటాంది," అంది శివలీల.

"రెండు బిందెలు నిండేంతసేపు."

ఆ మాట విని బిర్గిట్ భోరుమంది. తను ఫోను మాట్లాడుతూ వంటింట్లో నిలబడిందట, స్నానాల గది తలుపు వేశానో లేదో చూసుకోలేదట, తనదీ అంతసేపేనట. కాసేపటికి తేరుకుని, పిల్లను వెనక్కి పంపొద్దని మేడంకు గట్టిగా చెప్పింది. మా ఇంట్లో మాత్రం ఇప్పుడప్పుడే ఉంచుకోలేను, నాకు నిద్ర పట్టదు, క్షమించమంది. మేడం తలూపింది. పిల్లలు పెద్దవాళ్లైపోయిన ముసలి దంపతులు ఒకరున్నారు, అక్కడ ఉండి చదువు పూర్తి చేయవచ్చంది.

సారు "హమ్మయ్య" అని వెనక్కి వాలాడు. రంగన్న తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. ఉరుకుందమ్మకు ఇవేవీ చెవికెక్కలేదు. కూతురి మొహమే చూస్తోంది.

"నాకు యాల చెప్పలేదు?" అంది శివలీల.

"చెప్తే నన్ను అమ్మా అని పిలుస్తావో లేదో అని."

మేడం కాల్ కట్ చేయబోతుంటే శివలీల చేత్తో ఆపింది.

"అమా," అంది. ఏడుస్తూనే మళ్లీ, "అమా," అంది.