విప్పి తెచ్చిన సెన్సార్

దయ్యాలు, భూతాలు అంటే నేను ఏనాడూ నమ్మలేదు. డ్యూటీకి దిగే ముందు మా బావ మైసమ్మకు మొక్కుతుంటే, "గ్యాసు మైసమ్మ మాట వింటదా బావా?" అని ఆటపట్టించేవాణ్ణి.

మాది గోదావరిఖని. బొగ్గు గనిలో విషవాయువును కనిపెట్టే వైర్‌లెస్ సెన్సార్లు చూసుకోవడం నా పని. గోరంత చిప్పు, బ్యాటరీ కూడా ఉండదు. గనిలో బిగించిన రీడర్ రేడియో తరంగం పంపితే, అది చిప్పు మీద సన్నని కంపనంగా పాకి తిరిగి వస్తుంది. గ్యాసు తగిలితే ఆ కంపనం మారుతుంది. ఒక్కో చిప్పుకు ఒక్కో నంబరు. రీడర్‌కు దగ్గరలో ఉంటేనే అది పలుకుతుంది.

మా అక్క భర్త సమ్మయ్య బావ అదే గనిలో సర్దార్. గ్యాసు చూసి మనుషులను పనిలోకి పంపే బాధ్యత ఆయనది. ఒక రోజు పొద్దున, బొగ్గు తీసేసి మూసిన పాత చోట, అడ్డంగా కట్టిన గోడకు బయట బిగించిన ఒక సెన్సార్ సరిగా పనిచేయడం లేదని విప్పి, తువ్వాలలో చుట్టి తెచ్చి, పైన ఆఫీసులో నా టేబుల్ మీద పెట్టాడు. చాయ్ తాగి మళ్లీ దిగాడు.

మధ్యాహ్నం స్క్రీన్ మీద ఆ సెన్సార్ నంబరే వెలిగింది. కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతోంది. సెన్సారేమో నా చేతి పక్కనే ఉంది. వెంటనే గనిలోకి ఫోన్ చేశాను.

"బావా, అందర్ని తీస్కొని జల్ది పైకి రా. పాత గోడ కాడ గ్యాసు చూపెడుతున్నది."

"ఏ సెన్సారు?"

"నువ్వు పొద్దుగాల తెచ్చిందే."

బావ నవ్వాడు. "పిచ్చి లేసిందా బామ్మర్దీ? అది నీ కాడనే ఉన్నది గదా!"

"నీ కాల్మొక్త బావా, వచ్చెయ్."

"సరే, అందర్ని పంపిస్త. ఆడ ఏమున్నదో ఒక్కసారి చూసొస్త."

మనుషులందరూ బయటపడ్డాకే సర్దార్ రావాలి, అది గని పద్ధతి. అందరూ వచ్చారు. బావ రాలేదు. రెస్క్యూ వాళ్లు ఆయన్ను ఆ గోడ దగ్గరి నుంచి మోసుకొచ్చారు. గోడ వెనక బొగ్గు రాజుకుని, పగుళ్లలోంచి గ్యాసు వచ్చిందన్నారు. దవాఖాన దాకా కూడా ప్రాణం నిలవలేదు.

ఆ నంబరుతో ఇంకో చిప్పు లేదు. ఇంజనీర్లు రీడర్‌ను విప్పి చూశారు, లోపం లేదు. పాత రీడింగే మళ్లీ వచ్చిందేమోనని వెతికారు, అలాంటిది అంతకుముందు ఎన్నడూ నమోదు కాలేదు.

ఆ రోజు పైకి వచ్చినవాళ్లు నేను కనబడితే దండం పెడతారు. నాకు ఏడుపొస్తుంది.

మొన్న అక్క నా చెయ్యి పట్టుకుని అడిగింది. "తమ్మీ, అది వాళ్లందర్ని బయటికి పిలిచిందా? మీ బావను లోపలికి పిలిచిందా?"