రెండో గీత మీద సంతకం

దస్తూరి అతని అసలు పేరు కాదు. చేతిరాత అచ్చుగుద్దినట్టు ఉంటుందని మా గదిలో వాళ్లం పెట్టిన పేరు. ఎవరికి ఏ ఫారం నింపాలన్నా అతని మంచం దగ్గరికే వెళ్లేవాళ్లం. తండ్రి దస్తావేజులు రాసి బతికినవాడు. కొడుకు మాత్రం లిఫ్టులు బాగుచేసే పని నేర్చుకుని, పన్నెండేళ్ల కింద ఈ దేశం వచ్చాడు. నేను హోటళ్ల దుప్పట్లు లాండ్రీకి మోసే వ్యాను నడుపుతాను. ఇక్కడి భాష నాకు నోటికి వస్తుంది, అతనికి చేతికి వస్తుంది. అంటే అతను రాస్తాడు, నేను మాట్లాడతాను. అందుకే కారు కొనడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు.

కారు సోకు కోసం కాదు. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుపోతే ఫోన్ రాగానే పరుగెత్తే పని ఒకటి వాళ్ల కంపెనీలో ఖాళీ అయింది. సొంత కారు ఉన్నవాడికే ఆ పని ఇస్తారు. ఆ జీతం వస్తే భార్యని, కూతురిని తెచ్చుకోవడానికి అనుమతి దొరుకుతుంది. ఇప్పుడున్న జీతానికి దొరకదు. పిల్ల పుట్టి నాలుగేళ్లు, వీడు దాన్ని చూసింది అన్ని సెలవులూ కలిపి తొంభై రోజులు. ఫోన్‌లో "నాన్నా" అంటుంది, ఎదురుగా వెళ్తే తల్లి చీర వెనక్కి పోతుంది. నెలాఖరులోగా కారు కాగితాలు చూపించకపోతే ఆ పని ఇంకొకడికి పోతుంది. మేం వెళ్లిన రోజుకి నెలాఖరుకి ఎనిమిది రోజులే ఉన్నాయి.

పాత కార్లమ్మే స్థలంలో వీడి వేషాలు చూడాలి. నేను ఇంజిను మూత ఎత్తి నూనె చూస్తుంటే, వీడు తలుపు తీసి వేసి, తీసి వేసి, చెవి పెట్టి వింటున్నాడు. అద్దాలు దించే బటన్లన్నీ ఒక్కొక్కటి పదేసి సార్లు నొక్కాడు. 

"ఒరేయ్, ఇది పైకీ కిందికీ వెళ్లదురా, ముందుకు వెళ్తుంది" అన్నాను. 

"తలుపు సరిగ్గా పడిందంటే లోపలంతా సరిగ్గా ఉన్నట్టే" అన్నాడు. అమ్మేవాడు మా ఇద్దర్నీ చూసి నవ్వాపుకున్నాడు. బూడిదరంగు కారు ఒకటి కుదిరింది. ఐదోవంతు డబ్బు ఇప్పుడు కట్టాలి, మిగతాది వాయిదాల మీద. ఆ ఐదోవంతు వీడు రెండేళ్లు టీ కూడా మానేసి దాచాడు. నోట్ల కవరు లోపలి జేబులో పెట్టుకుని, నిమిషానికోసారి చొక్కా పైనుంచి తడుముకుంటున్నాడు.

అప్పిచ్చే ఫైనాన్సు వాళ్ల గది ఆ ఆవరణలోనే ఉంది. అద్దాల గది, రెండు కుర్చీలు, ఒక ప్రింటరు. కళ్లద్దాలు గొలుసుకి వేలాడేసుకున్న పెద్దావిడ కూర్చుని ఉంది. వీడి గుర్తింపు కార్డు తీసుకుని నంబరు కొట్టింది. నా భయం నాకుంది. వీడు జన్మలో అప్పు చేసినవాడు కాదు, అప్పులేనివాడే అధిక సంపన్నుడని మాకు రోజూ చెప్పేవాడు. ఇక్కడేమో పాత అప్పు తీర్చిన చరిత్ర లేకపోతే కొత్తది ఇవ్వరు. ఆవిడ ఆ మాటే అంటుందని, అంటే ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంటున్నాను.

ఆవిడ తెర వైపు చూసి, వీడి వైపు చూసి, ఏదో అంది. నేను మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అదే చెప్పింది. 

"ఏమంటోంది?" అన్నాడు దస్తూరి. 

"నీకు ఆల్రెడీ ఒక కారు ఉందంటోంది." 

వీడు నవ్వాడు. "నంబరు తప్పు కొట్టుంటుంది. మళ్లీ కొట్టమను." 

మళ్లీ కొట్టింది. తెరని మా వైపు తిప్పింది. వీడి ఫొటో, వీడి పుట్టినరోజు, కింద ఒక కారు నంబరు. అరవై వాయిదాల అప్పు, యాభై ఆరు కట్టినవి, నాలుగు మిగిలినవి. పన్నెండేళ్లుగా పక్క మంచం మీద పడుకునేవాడికి నాకు తెలియకుండా కారు ఉందా? ఒక్క క్షణం, దేవుడి సాక్షిగా చెప్తున్నా, వీడినే అనుమానించాను.

ఆవిడ ఒప్పంద పత్రం చివరి పేజీ ప్రింటు తీసి మా ముందు పెట్టింది. అడుగున రెండు గీతలు. పై గీత మీద కోడి గెలికినట్టున్న సంతకం. కింది గీత మీద మా వాడి ముత్యాల్లాంటి అక్షరాలు, తేదీతో సహా. పై సంతకం ఎవరిదో ఇద్దరం ఒకేసారి గుర్తుపట్టాం. 

"బావ" అన్నాడు దస్తూరి.

బావ అంటే ఎవరికీ బావ కాదు. గదిలో అందరికంటే పెద్దవాడు, అందర్నీ "ఏం బావా" అని పిలిచి తనకే ఆ పేరు తగిలించుకున్నాడు. నాలుగేళ్ల ఎనిమిది నెలల కింద పాత కారొకటి వాయిదాల మీద కొన్నాడు. ఆ రోజు దస్తూరిని తోడు తీసుకెళ్లాడు. 

"అది సాక్షి సంతకం!" అని వీడు అరిచాడు. "పైన రాసిచ్చేవాడు పెడతాడు, కింద సాక్షి పెడతాడు. ఎన్ని కాగితాలు చూళ్లేదు నేను! అది సాక్షి సంతకం అని చెప్పరా ఆవిడకి!" 

చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి, నిజంగానే అర్థంకాక అడిగింది. 

"కారు అప్పుకి సాక్షి ఎందుకు? రెండో గీత కలిసి అప్పు తీసుకునే మనిషిది. గీత కింద రాసే ఉంది కదా." 

రాసే ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. పుట్టినప్పటి నుంచీ తండ్రి రాసిన పత్రాల కింద ఇద్దరేసి సాక్షుల్ని చూసి పెరిగినవాడు, కింద గీత కనపడగానే కలం తీశాడు. పదిమంది ఫారాలు తప్పుల్లేకుండా నింపే మనిషి, తన సంతకం దగ్గర చదవలేదు. మనవాళ్లలో సాక్షి సంతకం పెట్టేటప్పుడు కాగితం చదివేవాడు ఎవడండీ? చదివితే అవతలివాణ్ణి నమ్మనట్టు ఉండదూ?

ఆవిడ ఇంకా చెప్తోంది. పాత అప్పు ఉండగా మీ జీతానికి రెండోది ఇవ్వడానికి వీల్లేదు. మిగిలిన నాలుగూ కట్టేసి మూసేస్తే అదే రోజు కొత్తది ఇస్తాను, యాభై ఆరింటిలో ఒక్కటీ ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు, ఇంత శుభ్రమైన ఖాతా నేను తక్కువ చూశాను, ముందు కట్టే డబ్బు కూడా సగం చాలు. నేను ముక్కముక్కకీ తెలుగులో చెప్పాను. దస్తూరి చెవికి ఏదీ ఎక్కలేదు. లేచి బయటికి నడిచాడు.

వ్యానులో వీడి కోపం చూడలేకపోయాను. దానికి కారణం ఉంది. ఆ కారు కొన్న ఎనిమిది నెలలకి బావ, "పెట్రోలు ఖర్చు భరించలేక అమ్మేశాను" అని గదిలో చెప్పాడు. మరుసటి నెల, దస్తూరి ఇంకా ఊరు బయల్దేరకముందే ఫోన్ వచ్చింది, భార్యకి కాన్పు కష్టమైంది, ఆపరేషన్ అన్నారు, ఆస్పత్రివాళ్లు డబ్బు ముందు కట్టమన్నారు. వీడు నేరుగా బావ దగ్గరికి పోయాడు. కారు అమ్మిన డబ్బు ఉంది కదా అని. బావ తల వంచుకుని, "లేవురా, ఒట్టు, లేవు" అన్నాడు. గదిలో అందరం తలా కాస్త వేసుకుని పంపించాం. తల్లీ బిడ్డా బతికారు. ఆ వారమే దస్తూరి బావతో మాట మానేశాడు. నెల తిరక్కుండా బావ గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నాలుగేళ్లు, "ఉండి కూడా లేదన్న మనిషి" అని వీడు చెప్పని చోటు లేదు. నేనూ తలూపాను. బస్‌స్టాపులో బావ కనిపిస్తే వ్యాను ఆపకుండా పోయిన రోజులున్నాయి, దాచుకోవడం ఎందుకు.

"అప్పున్న కారు ఎలా అమ్మాడురా?" అన్నాడు దస్తూరి. "అమ్మలేదు. ఎక్కడో తిప్పుతున్నాడు. అద్దెకిచ్చి డబ్బు తింటున్నాడు, నా పేరు మీద! నా కూతురు అక్కడ కూర్చుని ఎదురుచూస్తుంటే!" 

పిడికిలితో డ్యాష్‌బోర్డు మీద గుద్దాడు. ఆ రోజుదాకా ఆ మనిషి కోపంగా గొంతు పెంచడం కూడా నేనెప్పుడూ చూడలేదు.

కట్టడాలకి వాడే ఇనప గొట్టాలు అద్దెకిచ్చే గోదాములో బావ స్టోరుకీపరు. మేం వెళ్లేసరికి భోజనాల వేళ. గొట్టాల గుట్ట పక్కన, నీడలో, బల్ల మీద టిఫిను డబ్బా తెరుచుకుని కూర్చున్నాడు. జుట్టు బాగా నెరిసింది. మమ్మల్ని చూసి లేచాడు. దస్తూరి నాలుగేళ్ల తర్వాత అతనితో అన్న మొదటి మాట ఇది: 

"కారెక్కడ బావా?"

బావ ఏ కారు అని అడగలేదు. డబ్బా మూత పెట్టాడు. 

"తుక్కు కింద పోయిందిరా" అన్నాడు. 

"ఎప్పుడు?" 

"అమ్మేశానని చెప్పానే, అప్పుడే. వానలో జారి డివైడర్‌కి గుద్దాను. చవగ్గా వస్తుందని తీసుకున్న ఇన్సూరెన్సు, ఎదుటివాడి బండికే ఇస్తారట, మన బండికి ఇవ్వరట. తుక్కువాడిచ్చింది ఆ బండిని రోడ్డు మీంచి లాగడానికే సరిపోయింది." 

"మరి ఆ రోజుల్లో నీ చెయ్యి విరిగితే బాత్‌రూమ్‌లో పడ్డానన్నావు?" అన్నాను నేను. 

"మరేం చెప్పమంటావు? డ్రైవింగు రాదని మీరంతా నవ్వేవాళ్లు కాదూ." 

నిజమే, నవ్వేవాళ్లం.

దస్తూరి గొట్టాల మీద చతికిలబడ్డాడు. లేని కారుకి ఈ మనిషి నాలుగేళ్లుగా వాయిదాలు కడుతున్నాడు. ఇలాంటి చిక్కులో పడ్డ మనవాళ్లు ఇక్కడ ఏం చేస్తారో నాకు తెలుసు. బండి పోతే ఫోన్ నంబరు మార్చి విమానం ఎక్కేస్తారు. అప్పు గాలికి పోతుంది. 

"వెళ్లిపోవాల్సింది కదా బావా" అన్నాను, సిగ్గులేకుండా. 

"వెళ్దామనే అనుకున్నా. టికెట్ కూడా కొన్నా. ఈలోగా ఫైనాన్సు నుంచి ఉత్తరం వచ్చింది, కంపెనీ పోస్టు పెట్టెకి. పేర్లు రెండున్నాయి. మావాడు సాక్షి అనుకుని పెట్టాడండీ అని వెళ్లి చెప్పాను. నువ్వు కట్టకపోతే అతను కట్టాలి, కట్టకపోతే విమానాశ్రయంలో ఆపుతారు అన్నారు." బావ దస్తూరి వైపు చూడకుండా చెప్పాడు. "అప్పటికి నీ పెళ్లాం నెలలు నిండి ఉంది. ఆ నెల నువ్వు ఊరు వెళ్లాలి కదా. టికెట్ వాపసు ఇచ్చేశాను."

"నేను అడిగిన రోజైనా చెప్పొచ్చు కదా బావా!" అన్నాడు దస్తూరి. "లేవు అన్నావు గానీ, ఎందుకు లేవో చెప్పలేదే!" 

"ఏం చెప్పను? అవతల మనిషి ప్రాణాల మీదుంటే, ఇవతల నీ పేరు మీద అప్పుంది అని చెప్పనా? ఇవ్వడం ఇష్టంలేక కథలల్లుతున్నాడు అనుకునేవాడివి. నేనైనా అనుకునేవాణ్ణి." 

డబ్బా పక్కకి జరిపి మళ్లీ అన్నాడు. "ఆ రోజే వాయిదా కట్టి వచ్చానురా. జేబులో బస్సు డబ్బులే ఉన్నాయి. నీకు ఇవ్వడమా, అక్కడ కట్టడమా అని ముందే తెలిస్తే ఏం చేసేవాణ్ణో నాకే తెలీదు."

దస్తూరి ఏడ్చాడు. చప్పుడు లేకుండా కాదు, చిన్నపిల్లాడిలా, భోజనాలు చేస్తున్నవాళ్లు తలలెత్తి చూసేలా ఏడ్చాడు. నేను పక్కకి తిరిగి గొట్టాలు లెక్కపెడుతూ నిలబడ్డాను. నాలుగేళ్లు ఈ మనిషిని ఎన్ని మాటలన్నాం. గదిలోకి కొత్తగా వచ్చినవాళ్లకి కూడా ఇతన్ని చూపించి జాగ్రత్త చెప్పేవాళ్లం.

కారు సంగతి, కొత్త పని సంగతి, నెలాఖరు సంగతి, పాత అప్పు మూస్తే సగం డబ్బుకే కొత్తది ఇస్తానని ఆవిడ అన్న సంగతి నేనే చెప్పాను. పిల్ల వస్తుందనగానే బావ మొహం వెలిగింది. "ఇంకేం, నాలుగే కదా, అప్పో సప్పో చేసి ఈ వారంలో కట్టేస్తాను" అన్నాడు. చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్లి ఆగిపోయింది. ఎక్కడ అప్పు పుడుతుందో అతనికి తట్టినట్టు లేదు.

దస్తూరి లోపలి జేబులోంచి కవరు తీశాడు. నాలుగు వాయిదాలకి సరిపడా లెక్కపెట్టి పక్కన పెట్టాడు. అవి పోగా కొత్త కారుకి ముందు కట్టాల్సిన సగానికి సరిపడా ఇంకా మిగిలింది. ఆవిడ సగం చాలంది, ఈ మనిషి ఒక్కరోజు ఆలస్యం చేయకుండా కట్టిన పుణ్యానికే. ఆ వారంలోనే బూడిదరంగు కారు వచ్చింది, రెండు నెలలకి తల్లీ పిల్లా వచ్చారు. అదంతా తర్వాత.

అప్పుడు మాత్రం దస్తూరి ఆ నోట్లు రెండు చేతులతో పట్టుకుని బావ ముందు నిలబడ్డాడు. బావ ఒప్పుకోడని మాకు తెలుసు. బండి నడిపింది నేను, గుద్దింది నేను, నీ డబ్బు నాకెందుకురా అంటాడు. ఎలా బతిమాలాలో, ఏ ఒట్లు వేయాలో ఇద్దరం మనసులో సిద్ధం చేసుకునే ఉన్నాం.

బావ ఆ నోట్ల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత చెయ్యి చాపాడు. 

"ఇవ్వరా" అన్నాడు. "అలిసిపోయాను."