టాంకర్ నీళ్ల గోధుమ

ఆ కాలువ నీళ్లంటే ఈరమ్మకు రోత. గనిలోంచి మోటార్లతో తోడి వదిలిన నీళ్లు. పైన బూడిదరంగు నురగ, పారిన చోటల్లా ఎండాక తెల్లటి ఉప్పు. మడవ తిప్పి ఇంటికొచ్చి ఎంత తోమినా కాళ్ల జిగట వదిలేది కాదు. భర్త పోశం బొగ్గుగనిలో రిటైరయ్యాక, రాష్ట్రం దాటి వచ్చి బాబుపేట్‌లో కాపురమున్న ఆ దంపతులు ఊరవతల కొనుక్కున్న రెండెకరాలకు ఆ కాలువే దిక్కు. శనగ వేస్తే మాడిపోయింది. గోధుమ వేస్తే మొలకలోనే సగం చచ్చింది.

అప్పుడొచ్చాడు విత్తనాల కంపెనీ మనిషి వినయ్. ఊర్జానగర్‌లో పెరిగిన తెలుగు పిల్లాడు.

"ఇది ఉప్పుకు ఓర్చే గోధుమ పెద్దమ్మా. ఉప్పును చానామట్టుకు వేర్ల కాడనే ఆపుతది. లోపలికొచ్చినదాన్ని ముసలి ఆకుల్లకు నూకి, కొత్త ఆకును కాపాడుకుంటది. మీ చేన్ల ఏసి రైతులకు చూపిస్తం."

ఈరమ్మ ఒప్పుకుంది. పైరు మోకాలెత్తు అయ్యేసరికి, ఒక పొద్దున రోడ్డు పక్క చాళ్ల మీద టాంకర్ మంచినీళ్లు పోస్తూ కనిపించింది.

"ఇదేంది సారూ? ఉప్పుకు ఓర్సుకుంటదంటివి గద!"

"ఫోటోల పచ్చగ కనబడాలె పెద్దమ్మా. ఎనుక చాళ్లకు మీ కాలువ నీళ్లే పెట్టుండ్రి."

ఆమె ఇంకేదో అనబోయింది. "మనకెందుకే, ఊకో" అన్నాడు పోశం. ఊరుకుంది.

కంపెనీ రైతులను పిలిచిన మీటింగు రోజు వినయ్ ఆమె భుజాన శాలువా కప్పి, ముందు చాళ్లు చూపిస్తూ, "మొత్తం గని నీళ్లతోనే పండింది" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ శాలువా మురికిగుడ్డలా ఒంటికి అంటుకున్నట్టనిపించి ఈరమ్మ లాగి పారేసింది.

"అబద్ధం! గిది టాంకర్ నీళ్లు తాగింది. గని నీళ్లు తాగింది సూడాలంటే ఎనుకకు రాండ్రి."

వెనుక పైరు పొట్టిగా ఉంది. కింది ఆకులు కొసల నుంచి మాడి ఉన్నాయి. పై ఆకు మాత్రం పచ్చగా ఉంది, దాని మీద వెన్ను నిలబడి ఉంది. ఆమె ఒక వెన్ను నలిపి అరచేయి చాపింది. సన్నవే, కానీ గింజలు.

"గిదే చూపిస్తే నీ సొమ్మేం పోయె కొడుకా?" అంది వినయ్‌తో.

ఆ అరచేతిలోకి రైతులెవరూ తొంగిచూడలేదు. "దగాకోర్లు" అని ఉమ్మి, కంపెనీ పెట్టిన అటుకుల పోహా తిన్న ప్లేట్లను గట్టు మీదే విసిరి వెళ్లిపోయారు. ఈరమ్మకు అబద్ధమాడినవాడి మీద ఎంత అసహ్యం పుట్టిందో, నిజాన్ని కళ్లెత్తి చూడని వాళ్ల మీదా అంతే పుట్టింది. ఆ ప్లేట్లు ఏరుతూ చాలాసేపు గొణుక్కుంది.

వెనుక చాళ్లను ఆమె వేరుగా కోయించి విత్తనానికి దాచింది. మళ్లీ గోధుమ విత్తే కార్తీకంలో పక్కచేను రాకేష్ వచ్చి ఆ విత్తనం అడిగాడు.

"సగమే పండుతది. గింజ బక్కగుంటది. గట్లయితేనే తీస్కపో" అంది ఈరమ్మ.

రాకేష్ సంచి నోరు తెరిచి పట్టాడు.