అడుగున దాచిన కుప్ప

యంగోనా వేరు పొడి కలిపిన పానీయం చిప్ప అందరి చేతులూ తిరిగి, మర్యాదకి కొట్టే చప్పట్లు ఆగాక గానీ మా లెవుకా ఊళ్లో కంపెనీ సభ నోరు విప్పదు. ఆ రోజు ముందు నోరు విప్పింది బజారులో చేపలూ టమాటాలూ అమ్ముకునే లవేనియా.

"మిల్లెంత తెచ్చింది, కొట్టెంత తెచ్చింది, పడవెంత తెచ్చింది, విడివిడిగా చెప్పన్నా."

కొబ్బరినూనె మిల్లు, సరుకుల కొట్టు, దీవులకు తిరిగే పడవ. మూడూ మేమంతా వాటాలేసుకున్న కంపెనీవే. కంపెనీ పెద్ద ఇసికేలి ఏటా మూడింటినీ ముద్ద చేసి ఒక్క అంకె చెప్పి కూర్చునేవాడు. ఆ ఏడు కొత్త వాటాలు కొనమంటే ఒక్కరూ కదల్లేదు.

"విడదీసి చెప్తే మిల్లు లాభం చూసి పక్క షావుకారు రేపే మిల్లు పెడతాడు చెల్లీ."

"పెట్టనీ. ముందు నీవాళ్లు నిన్ను నమ్మాలిగా. మెత్తబడ్డ టమాటాలు కుప్ప అడుగున దాస్తే ఆ పూట అమ్ముడవుతాయి. మర్నాడు నా గట్టి కాయల్ని కూడా అనుమానంగా నొక్కి చూస్తారు. మెత్తవి వేరే పోసి ధర తగ్గిస్తే రెండు కుప్పలూ అమ్ముడుపోతాయి."

"కంపెనీ టమాటా కాదమ్మా."

"నిజమే. టమాటా అయితే ఈపాటికి కంపు కొట్టి మాకే తెలిసేది."

సభంతా నవ్వింది. ఇసికేలి మెత్తబడక తప్పలేదు.

లెక్కలు విడిపోయాయి, నమ్మకం కుదిరి జనం వాటాలు కొన్నారు. కానీ మిల్లూ కొట్టూ తెచ్చింది పడవ తినేస్తోందని కూడా తేలింది. కొన్నవాళ్లే పడవ ఆపెయ్యమని పట్టుబట్టారు.

ఆ పడవ వెళ్లేది లవేనియా పుట్టిన దీవికి. అక్కడున్న వాళ్లక్కకి ఆయాసం మందు దానిమీదే అందాలి.

"నోటితో గెలిచింది, ఆ నోటితోనే అక్క పడవ ముంచుకుంది" అని పక్క బల్లలవాళ్లు ఆమెకి వినపడేలాగే అన్నారు.

పడవ సంగతి తేల్చే సభకి ముందురోజు ఇసికేలి ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. అతను వెక్కిరించలేదు.

"కొట్టునీ పడవనీ కలిపి ఒకే లెక్కగా చూపిద్దాం చెల్లీ. పడవ నష్టం కొట్టు లాభంలో కలిసిపోతుంది. నువ్వు చెయ్యెత్తితే అందరూ ఎత్తుతారు. పడవ బతుకుతుంది."

చేప కోస్తున్న ఆమె కత్తి మధ్యలోనే ఆగింది. అతను వెళ్లిపోయినా, చేపల మీద ఈగలు ముసిరినా కదల్లేదు.

సాయంత్రం బల్ల కడుగుతూ, తన బల్ల దగ్గర సాయంగా ఉండే నాతో అంది:

"నష్టం నష్టమనే చెప్పి, అయినా పడవ ఉంచమని అడుగుతాను. కానీ అక్క మొహం గుర్తొస్తే నా చెయ్యి నా మాట వినదు. రేపు నా పక్కనే కూర్చోవే. ఇసికేలి కలుపుదామన్నప్పుడు ఈ చెయ్యి లేచిందంటే, గట్టిగా పట్టుకుని కిందికి లాగు."