పక్కకు తిరిగి ఈదిన పిన్ని

మా పిన్నికి ఈత పిచ్చి ఎలా పట్టిందో మా అమ్మకు ఇప్పటికీ అంతుపట్టదు. అమ్మావాళ్ల ఇంట్లో అందరూ నీళ్లంటే ఆమడ దూరం పరిగెత్తే రకం. పిన్ని మాత్రం పొద్దున్నే ఈతకొలనుకు వెళ్లి, ఒళ్లు అలిసేదాకా ఈది, తల తుడుచుకుంటూ అటునుంచి అటే పనికి పోయేది. ఆమె పని ఒక ఆసుపత్రి లాండ్రీలో. దుప్పట్లు, డాక్టర్ల కోట్లు, ఆపరేషన్ గదిలో వేసుకునే గౌన్లు గుట్టలుగా వచ్చి పడేవి. రోజంతా ఇస్త్రీ ఆవిర్లో ఉడికిన మనిషి మర్నాడు మళ్లీ నీళ్లలో చల్లబడేది.

ఆమెకు వేగం లేదు, ఓపిక ఉంది. కుర్రకారు ఆమెను దాటుకుంటూ దూసుకుపోయేవాళ్లు. కాసేపయ్యాక చూస్తే వాళ్లు గట్టు మీద రొప్పుతూ ఉండేవాళ్లు, పిన్ని ఇంకా నీళ్లలోనే ఉండేది. ఊరి బయట సరస్సును ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు ఈదే పోటీ ఏటా జరిగేది. పిన్ని ఒక్కసారి కూడా గెలవలేదు, ఒక్కసారి కూడా మధ్యలో పడవెక్కలేదు.

అలాంటి మనిషి నేల మీద పడింది. లాండ్రీలో సబ్బునీళ్లు ఒలికిన చోట కాలు జారి పడితే, ఒంటి బరువంతా కుడి మోచేతి మీద పడి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి స్క్రూలు బిగించారు. తీరా కట్టు విప్పి చూస్తే చెయ్యి బిగుసుకుపోయి ఉంది. చాచబోతే సగంలో ఆగేది. మడవబోతే నోటిదాకా వచ్చేది కాదు.

బాబాయిది తాళాలు బాగుచేసే కొట్టు. లోకంలో బిగుసుకున్నదేదైనా కాస్త నూనె వేసి బుజ్జగిస్తే కదులుతుందని ఆయన నమ్మకం. సాయంత్రం కొట్టు కట్టేసి రాగానే పిన్ని చేతిని ఒళ్లో పెట్టుకుని, ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పినట్టు మెల్లగా వంచేవాడు, చాచేవాడు. పిన్ని పళ్లు బిగించి గోడ గడియారం వైపు చూస్తూ కూర్చునేది. కొన్నాళ్లు కొద్దికొద్దిగా కదిలింది. ఆ తర్వాత ఇద్దరూ ఎంత పాటుపడినా ఉన్నచోటే ఉండిపోయింది.

చివరికి ఆ ఫిజియో అమ్మాయే మనసు రాయి చేసుకుని చెప్పింది. "ఇంతే వస్తుందండీ. ఇంకా బలవంతం చేస్తే వాపు తప్ప లాభం లేదు. ఇక దీంతో పోట్లాడకండి."

పిన్ని ఆమెకు థాంక్స్ చెప్పి, దారిలో కూరలు కొనుక్కుని మరీ ఇంటికి వచ్చింది. ఏడుపు మర్నాడు వచ్చింది, అద్దం ముందు జడ వేసుకోబోతుంటే. కుడి చెయ్యి భుజం దాటి వెనక్కి పోలేదు. దువ్వెన కింద పడేసి, మంచం అంచున కూర్చుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. బాబాయి దువ్వెన తీసుకుని వెనకాల కూర్చున్నాడు. ఆయన వేసిన మొదటి జడ పడవను కట్టేసే తాడులా ఉందని పిన్నే తర్వాత మాతో చెప్పి నవ్వింది. ఆ రోజు మాత్రం నవ్వలేదు. ఆయన కొట్లో పట్టకారుతో ఒక చెంచా కాడ వంచి, నోటికి అందేలా చేసి తెచ్చాడు. దాన్ని చూసి ఆమెకు ఉక్రోషం వచ్చింది. పక్కకు నెట్టేసి ఎడం చేత్తోనే తంటాలు పడింది. కొన్నాళ్లకు ఒకరోజు, ఎవరూ చూడటం లేదనుకుని, ఆ చెంచాతోనే తినడం నేను చూశాను.

లాండ్రీలో ఎడం చేత్తో ఇస్త్రీ చేయడం నేర్చుకుంది. నీళ్లలో మాత్రం ఆ పప్పులు ఉడకలేదు. ఎడం చెయ్యి బారెడు లాగితే కుడిది జానెడు లాగేది. దాంతో ఎంత ఈదినా ఒక పక్కకే తిరిగిపోయేది. రెండోసారి గోడకు గుద్దుకున్నాక బయటికొచ్చి తువ్వాలు కప్పుకుని, "గానుగెద్దులా తిరగడానికా నేను వచ్చేది?" అంది నాతో. అంతే, ఈత మానేసింది. మానేశాక ఇంట్లో అందరికీ ఆమెతో మాట్లాడాలంటే భయమే. కూరలో ఉప్పెక్కువైనా ఆమెకు కోపమే, తక్కువైనా కోపమే.

మళ్లీ సెలవులకు నేను వాళ్లింట్లో ఉన్నప్పుడు జరిగిందిది. ఒక ఉదయం నేను లేచేసరికి పిన్ని ఇంకా పడుకునే ఉంది. ఎడమ వైపుకు తిరిగి, ఎడం చెయ్యి తల కింద నుంచి ముందుకు చాచి, కుడి మోచేతిని దిండు మీద ఆనించి ఉంది. నిద్రపోతోందనుకున్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి.

"అమ్మడూ, ఇలా పడుకుంటే చెయ్యి అస్సలు నొప్పెట్టదే," అంది, ఎవరికో రహస్యం చెబుతున్నట్టు. "నీళ్లలో కూడా ఇలాగే పడుకుంటే?"

కాఫీ తెస్తున్న బాబాయి గుమ్మంలోనే ఆగిపోయాడు. "నిద్రలో గురక ఒక్కటే అనుకున్నాను. ఇక ఈత కూడానా?" అన్నాడు. చాలా నెలల తర్వాత పిన్ని పగలబడి నవ్వింది.

ఆ రోజే కొలనుకు వెళ్లాం. పక్కకు తిరిగి, ఎడం చెయ్యి ముందుకు చాచి, కుడి చేత్తో రొమ్ము ముందు నీళ్లను కొద్దిగా వెనక్కి నెడుతూ, కాళ్లు కత్తెరలా ఆడించింది. వంకరగా పోలేదు. నెమ్మదిగా, తిన్నగా వెళ్లి అవతలి గోడను ముట్టుకుంది. అంత సులువుగా అయిపోయిందని కాదు. మెడ పట్టేసేది, ఎడం చెవిలో నీళ్లు చేరి రోజంతా గుయ్యిమనేది. అయినా వదల్లేదు. మళ్లీ పోటీ వచ్చే నాటికి సరస్సు దాటగలననే ధైర్యం వచ్చింది. నిర్వాహకులను అడిగితే, ఎలా ఈదినా అభ్యంతరం లేదని, గడువులోగా ఒడ్డు చేరకపోతే మాత్రం పడవ ఎక్కించేస్తామని చెప్పారు.

పోటీ రోజు ఆమెకు తోడుగా వెళ్లిన పడవలో బాబాయి, నేను, పడవ నడిపే ఆయన ఉన్నాం. బాబాయికి పడవ పడదు. అది ఊగినప్పుడల్లా కడుపు నోట్లోకి వస్తుంది. అయినా ఏటా ఎక్కుతాడు. పిన్ని మొహం ఉన్న వైపే పడవ పక్కపక్కనే సాగింది. ఇదివరకు ఊపిరి కోసం తల తిప్పినప్పుడు మాత్రమే ఆమెకు మేం కనిపించేవాళ్లం. ఈసారి కళ్లెదుటే ఉన్నాం.

"ఏవండీ," అంది మేం అందించిన మంచినీళ్లు తాగడానికి ఆగినప్పుడు. "ఇన్నేళ్లలో మీ మొహం ఇంతసేపు చూసింది ఇవాళే."

"ఎలా ఉందేంటి?"

"పాలిపోయి ఉంది."

సగం దాటాక గాలి లేచింది. సరిగ్గా ఆమె మొహం ఉన్న వైపు నుంచే అలలు వచ్చి కొట్టాయి. రెండో వైపుకు తిరుగుదామంటే కుడి చెయ్యి ముందుకు చాచుకోదు. నీళ్లు మింగింది, దగ్గింది, ఆగింది. బాబాయి అంచు మీదికి వంగి, పైకి వచ్చేయమని బతిమాలాడు. ఆమె తల అడ్డంగా ఊపి, "గాలికి అడ్డం రండి," అంది. అంతే, పడవను గాలికి అడ్డంగా పెట్టి, ఆమెకు వీలైనంత దగ్గరగా నడిపించాం. అలలన్నీ మా మీదే విరిగాయి. పడవ ఉయ్యాలలా ఊగింది. బాబాయి వెనక వైపుకు తిరిగి వాంతి చేసుకుని, మూతి తుడుచుకుని, మళ్లీ ఆమె వైపు తిరిగేవాడు. "నాకేం కాలేదు, నువ్వు కానియ్," అనేవాడు.

గడువు ముగియడానికి కాస్త ముందు పిన్ని పాదాలు అవతలి ఒడ్డు రాళ్లకు తగిలాయి. చివరి నుంచి లెక్కపెడితే త్వరగా దొరికే స్థానం. ఎవరో సాయానికి వచ్చి కుడి చెయ్యి పట్టుకోబోతే, ఎడం చెయ్యి ఇచ్చి లేచి నిలబడింది. పడవ దిగిన బాబాయి రెండడుగులు వేసి మోకాళ్ల లోతు నీళ్లలో కూలబడ్డాడు. ఒళ్లంతా వణుకుతూనే పిన్ని వెనక్కి వెళ్లి, ఆయన్ని చంక కింద పట్టుకుని ఒడ్డుకు తెచ్చింది. చూసినవాళ్లకు వాళ్లలో ఎవరు ఈదారో తెలిసి ఉండదు.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. ఆ మోచెయ్యి ఏమీ మారలేదు. చలికాలంలో లాగుతుంది కూడా. మొన్న కొలను దగ్గర, పాత ఈత గుర్తొస్తుంటుందా అని అడిగాను.

"రాకుండా ఎలా ఉంటుందే?" అంది. "రెండు చేతులూ చాచి నీళ్లను చీల్చుకుంటూ పోవడం... కలలో ఇప్పటికీ అలాగే ఈదుతాను."

తల మీది టోపీ తీసి పిండుకుని, పనికి ఆలస్యమవుతోందంటూ సంచీ భుజాన వేసుకుంది.